ఎంగిలి మందు

మొదటి రోజు

ఈ రోజు నేను పన్ను పీకాను!

మళ్ళీ రాస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే. బొమ్మాళి అసిరినాయుడనే నేను, అడుగూరు పళ్ళ గదిలో పనిచేసేవాణ్ణి, యాభై రెండేళ్ళ వయసులో, ఒక నిజమైన మనిషి నోట్లోంచి ఒక నిజమైన పన్ను పీకి బల్ల మీద పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ గదిలో పట్టుకార్లకు నూనె రాయడం, తుడవడం, మళ్ళీ పెట్టెలో పెట్టడం, ఇదే సరిపోయింది. నా గురువుగారైతే ఒక్క పన్నూ పీకకుండానే కాలం చేశారు, పాపం.

ఎందుకంటే మా ఊళ్ళో పళ్ళు పుచ్చవు. పొద్దున్నే గంట కొట్టగానే మనిషికో మూతెడు తేట, అదే నోరు కడిగే మందు, పోస్తాను. నోట్లో పట్టి, వంద లెక్కపెట్టి ఉమ్మేస్తే ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలదు. మా తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి. గురుగ్రహపు చందమామ యూరోపా మంచు పొరకు అడుగున, సముద్రంలోకి వేలాడుతూ కట్టుకున్న ఊరు మాది. రోగమొస్తే పరుగెత్తడానికి పక్క ఊరంటూ లేదు.

పన్ను పైడిరత్నానిది. వరసకు నా అన్న కూతురు, ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఊళ్ళోకెల్లా గొప్ప గజ ఈతగత్తె. సముద్రంలోంచి మాకు వేడి తెచ్చే గొట్టాలను అదే దిగి బాగుచేస్తుంది. నిన్న పని మీదుండగా మంచు పెళ్ళ విరిగి దవడకు తగిలింది. ఎడమవైపు కింది దవడ పన్ను వేరు దాకా చీలిపోయింది.

కుర్చీలో కూర్చుంటూనే నన్ను ఎగాదిగా చూసింది.

"సిన్నాన్నా, నీకిది సేతనవుతాదా అసలు?"

"పుస్తకంలో నూరుసార్లు పీకినాను. నోరు తెరు."

"పుస్తకానికి నొప్పి పుట్టదు కదేటి!"

మత్తు సూది వేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి మోకాలు కుర్చీకి ఆనించి లాగాల్సి వచ్చింది. ఊడి వచ్చిన క్షణాన నేనే "ఓలమ్మో!" అని అరిచాను, అది కాదు. గుంత నిండా నల్లగా, ఎర్రగా రక్తం గడ్డకట్టింది. గాయం శుభ్రంగా ఉంచాలని పాత పుస్తకంలో ఉంది. శుభ్రమంటే మాకు తెలిసింది ఒక్కటే. తేట బాగా పుక్కిలించమని చెప్పి పంపాను. ఒక్కసారి కాదు, వీలైనన్నిసార్లు అన్నాను.

ఆనందం పట్టలేక భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

రెండో రోజు

రత్నాన్ని చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. మా దగ్గర ఒంట్లో బాగోలేని వాళ్ళను పలకరించడానికి వట్టి చేతులతో వెళ్ళరు. ఆ పొద్దుటి తమ వంతు తేట తాము పుక్కిలించకుండా పట్టుకెళ్ళి ఇస్తారు. అంతకంటే పెద్ద మర్యాద లేదు. సాయంత్రానికి ముప్పై నాలుగు మూతలు అందాయి.

వాళ్ళమ్మ ఎర్రెమ్మ, మా వదిన, మంచం పక్కనే గిన్నె పట్టుకుని కూర్చుంది. "ఇంకొక్క పుక్కిలి, నా తల్లి కదూ. కామందు గారింటి నుంచి వచ్చినాది, వొద్దనకూడదు" అంటూ ఒక్కొక్క మూతే పోస్తోంది. రత్నం బుగ్గలు పూరించి గలగలా పుక్కిలించి ఉమ్ముతోంది. నేను కూడా నా మూత ఇచ్చాను. నా పనికి ఊరంతా ఇంత సాయం పడుతోందని గర్వంగా అనిపించింది.

నాలుగో రోజు

నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగింది. చెవిలోకి పొడుస్తోందట. దీపం వేసి చూస్తే రక్తం గడ్డ లేదు. గుంత ఖాళీగా ఉంది, అడుగున తెల్లగా ఎముక కనిపిస్తోంది. పైగా వాసన. కుళ్ళిన నాచు తొట్టి మూత తీసినట్టు గుప్పుమంది.

"ఏటి సిన్నాన్నా, మొకం అలగ పెట్టినావు?"

"ఏటీ నేదు. దీపం కళ్ళలో పడ్డాది."

అబద్ధం చెప్పాను. ఇంకా ఎక్కువ తేట పుక్కిలించమన్నాను.

ఏడో రోజు

మా ఆస్పత్రి డాక్టర్ జైనబ్ గారు ఇప్పటికి మూడు రకాల మాత్రలు మార్చారు. ఏదీ పనిచేయలేదు. ఇవాళ ఎక్స్‌రే తీసి, రత్నం ఇంటికొచ్చి, నన్నూ వదిననూ కూర్చోబెట్టి, రత్నం ఎదుటే చెప్పారు.

"ఎముక కుళ్ళడం మొదలైంది. పన్ను పీకిన పదహారో రోజు వరకు ఆగుతాను. అప్పటికీ గుంతలో కండ పుట్టకపోతే దవడలో ఈ భాగం కోసి తీసేయాలి. లేకపోతే కుళ్ళు మిగతా ఎముకకు పాకుతుంది."

రత్నం మెల్లగా అడిగింది, "దవడ కోసేత్తే గాలిగొట్టం ఎలగ కరిసి పట్టుకుంటాను, డాక్టరమ్మా?"

నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ గొట్టం రబ్బరును రెండు దవడలతో గట్టిగా కరిచి పట్టుకోవాలి. పట్టు జారితే ప్రాణం పోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. రత్నం గోడకు వేలాడుతున్న తన ఈత దుస్తులు కళ్ళకు కనపడకుండా తీసేయమని వాళ్ళమ్మతో చెప్పి, అటు తిరిగి పడుకుంది. వెనక నుంచి దాని భుజాలు కదలడం కనిపించింది.

అది పదేళ్ళప్పుడే ఆరు నిమిషాలు ఊపిరి బిగబట్టిన పిల్ల. నేను గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఆ పన్ను పీకింది నేనే కదా.

ఎనిమిదో రోజు

ఏడ్చి లాభం లేదని మైక్రోస్కోప్ దుమ్ము దులిపాను. రత్నం గుంతలోంచి పుల్లతో కాస్త తడి తీసి చూశాను.

ఒకటే రకం! సన్నగా, పొడుగ్గా, మెలి తిరిగిన జీవి. లక్షల్లో ఉంది, కానీ పక్కన ఇంకోటి లేదు. ఎక్కడి నుంచి వచ్చిందా అని రత్నం గాలిగొట్టం తెప్పించి, రబ్బరు పగుల్లో గీరి చూశాను. అక్కడా ఇదే. అంటే ఆ పగుల్లో దాక్కున్న జీవి, పన్ను పోయిన గుంతలోకి చేరి కూర్చుంది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించి తినేసినట్టుంది. మెలిగాడని పేరు పెట్టాను.

సరే, ఆరోగ్యంగా ఉన్న నోటితో పోల్చి చూడాలి కదా. పొద్దున తేటకు వచ్చిన వాళ్ళలో పదకొండు మందిని ఆపి నోట్లో పుల్ల పెట్టి తీశాను. పదకొండూ ఖాళీ. అద్దం మీద ఏమీ లేదు. పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలిగా!

ఇక్కడ ఒక సంగతి రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. భోజనం చేసొచ్చి రాస్తాను.

భోజనం చేశాను. రాస్తున్నాను. నేను తేట పుక్కిలించను. ఊరందరికీ కొలిచి పోసే నేను, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పుక్కిలించలేదు. చిన్నప్పుడు ఆ రుచి తగిలితే వాంతి అయ్యేది. మా అమ్మ జాలిపడి ఎవరికీ చెప్పకుండా వదిలేసింది. పెద్దయ్యాక నా మూత జబ్బు పడిన వాళ్ళకు ఇచ్చేవాణ్ణి, ఎవరూ జబ్బు పడని రోజు తూములో పోసేవాణ్ణి. అసిరినాయుడు ఎంత దయగలవాడో అని ఊరు మెచ్చుకుంటుంటే తల వంచుకుని నవ్వేవాణ్ణి. నోరు వాసన రాకుండా రోజంతా సోంపు నములుతాను. అంతకు ముందు పసితనంలో, భూమి నుంచి వచ్చిన మా నాయనమ్మ తను నమిలిన ముద్దే నా నోట్లో పెట్టేదట. భూమి మీది నోళ్ళలో ఉండేవన్నీ అలా నాకు వచ్చాయి.

సిగ్గుపడుతూనే నా నోట్లో పుల్ల పెట్టి, తీసి, అద్దం మీద రాసి చూశాను.

అమ్మ బాబోయ్! తిరనాళ్ళు! గుండ్రటివి, పొట్టివి, పొడుగువి, గొలుసుల్లా చేతులు పట్టుకున్నవి, గుంపులు గుంపులుగా కదులుతున్నాయి. నలభై రకాల దాకా లెక్కపెట్టి ఇక లెక్క తప్పాను. ఎగిరి గంతేసేసరికి తల దీపానికి కొట్టుకుంది. బొప్పి కట్టింది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, వాటి మధ్య ఒక మూల మెలిగాడు కూడా ఉన్నాడు! ఇద్దరే ఇద్దరు, బిక్కుబిక్కుమంటూ. నా నోట్లో ఉండి కూడా వాడు నన్ను ఏమీ చేయలేకపోయాడు.

పదో రోజు

నిన్నంతా రాయడానికి తీరలేదు. నా చేతి రక్తమే రెండు గాజు పళ్ళాల్లో పోసి గడ్డ కట్టనిచ్చాను. ఒకదాంట్లో మెలిగాణ్ణి ఒంటరిగా వదిలాను. రెండోదాంట్లో మెలిగాడితో పాటు నా ఉమ్మి కూడా. మధ్యాహ్నానికల్లా మొదటి పళ్ళెంలో గడ్డ కరిగి నీరైపోయింది. రెండోది ఇవాళ పొద్దుటికి కూడా గట్టిగా అలాగే ఉంది. వేలితో కదిపితే జున్నులా వణికింది!

పళ్ళెం పట్టుకుని ఆస్పత్రి దాకా పరుగెత్తాను. దారిలో కాలు జారింది. నేను పడ్డాను గాని పళ్ళేన్ని పడనివ్వలేదు.

డాక్టరు గారు ఓపిగ్గా అంతా విని, చివరికి ఒక్కటే అడిగారు.

"ఈ ఉమ్మి ఎవరిది?"

"నాదేనండి."

"మీరు తేట పుక్కిలించరా?"

"లేదండి."

"ఇరవై ఎనిమిదేళ్ళుగా మాకు పోస్తూ?"

"యాభై రెండేళ్ళండి, మొత్తం కలిపితే."

ఆమె ముఖం ఎర్రబడింది. తిడతారనుకున్నాను. మైక్రోస్కోప్ దగ్గర కూర్చుని ఒక గంట కదల్లేదు. లేచేసరికి గొంతు మారిపోయింది. "నాయుడుగారూ, మన నోళ్ళన్నీ ఖాళీ ఇళ్ళు. ఇరుగూ పొరుగూ లేరు. అందుకే ఒక్క దొంగ దూరితే అడిగే నాథుడు లేకపోయాడు" అన్నారు. "అందుకే నా మాత్రలూ, మన తేటా పనికిరాలేదు. వాడు ఎముక లోపల దాక్కున్నాడు, తరమడానికి నోట్లో ఎవరూ లేరు."

ఏం చేయాలో కూడా ఆమే చెప్పారు. నా నోట్లోవి తీసి పెంచాలి. వాటిలో పళ్ళు తొలిచే రకాలను, చెడ్డ పేరున్న రకాలను ఏరి పక్కన పెట్టాలి. రత్నం గుంతను గీరి మళ్ళీ రక్తం వచ్చేలా చేసి, కొత్త గడ్డ కట్టగానే మిగిలిన వాటిని అందులో నాటాలి. ఆపైన ఒక్క చుక్క తేట తగలకూడదు. పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు కూడా. రక్తం గడ్డను సగం మెలిగాడు తిన్నాడు, సగం మా పుక్కిళ్ళు కడిగేశాయని ఆమె అన్నారు. పుక్కిలించమన్నది నేనే.

పదకొండో రోజు

వదినకు చెప్పే పని నా మీద పడింది. సముద్రంలో దూకమన్నా దూకేవాణ్ణి.

మా ఊళ్ళో ఎంగిలంటే ఏమిటో ఈ చిట్టా చదివే వాళ్ళకు తెలుసు. ఎవరి గ్లాసు వాళ్ళది. తల్లి తాగిన నీళ్ళు బిడ్డ తాగదు. మొగుడు కొరికింది పెళ్ళాం ముట్టదు. అలాంటిది నేను వెళ్ళి, నా నోట్లోవి తీసి నీ కూతురి నోట్లో పెడతామని చెప్పాలి. చెప్పాను. ఎందుకో, ఎలాగో, నా సిగ్గుమాలిన కథతో సహా మొత్తం చెప్పాను.

"ఎంగిలా?" వదిన లేచి నిలబడింది. "నా పిల్ల నోట్లో నీ ఎంగిలా, అసిరీ? నీకు మతి గాని పోనాదేటి? ఇన్నేళ్ళు మా అందరికీ కొలిసి కొలిసి పోసినావు. నీది మాత్రం తూములో పారబోసినావా? నిన్ను దయగల మారాజనుకున్నాం కదరా! సిగ్గునేదా నీకు?"

"ఉంది వదినా. శానా ఉంది."

"పో అవతలకి. దాని గాయం కడగనీ నన్ను." గిన్నె అందుకుంది.

ఇక చెప్పక తప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "వదినా, ఆ కడగడమే కొంప ముంచింది. గడ్డ కట్టిన రక్తం పుక్కిలింతల్లో కొట్టుకుపోనాది. పొయ్యమన్నది నాను. తప్పు నాది, నీది కాదు."

ఆమె చేతిలో గిన్నె చూసుకుంది. తర్వాత మంచం మీది కూతుర్ని చూసింది.

"నా సేత్తో నానే కడిగేసినానా?" అంది. అని అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నేను చచ్చేదాకా మర్చిపోను.

మంచం మీంచి రత్నం గొంతు వినిపించింది. వాచిన దవడతో ముద్దముద్దగా, గట్టిగా.

"అమ్మా, నువ్వేడిస్తే నాకు పోటు ఎక్కువవుతాంది, ఊరుకో. సిన్నాన్నా, ఎంగిలో గింగిలో నాకు తెల్దు. నాకు నీళ్ళలోకి దిగాలని ఉంది. పెట్టీ!"

"ఆలోసించుకో తల్లీ, నా నోట్లోవి..."

"ఆలోసించినాను. పెట్టీముందు ఆ సోంపు మాత్రం ఉమ్మెయ్యి."

నా వెంట వచ్చిన డాక్టరు గారు పకపకా నవ్వారు. వదిన నవ్వలేదు, వద్దనీ అనలేదు.

పన్నెండో రోజు

నాటాం. గుంత గీరుతుంటే రత్నం నా మణికట్టు పట్టుకుని నొక్కింది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. కొత్త రక్తం ఊరి, నిండి, గడ్డ కట్టింది. అందులో డాక్టరు గారు గింజంత ముద్ద పెట్టి పైన మెత్తటి గుడ్డ కరిపించారు. నా నోటి జనం మొదటిసారి పుట్టిల్లు దాటి వెళ్ళారు. కళ్ళు చెమర్చాయి, దాచను.

ఇవాళ పలకరింపుకు వచ్చిన వాళ్ళను గుమ్మంలోనే ఆపింది ఎవరనుకున్నారు? వదినే! నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తేట ఒద్దు. ఒక్క మూత కూడా లోనికి రానివ్వను. కూకోండి, ఊసులు సెప్పండి, ఎల్లండి."

"వట్టి సేతుల్తో ఎలగ వత్తాం, ఎర్రెమ్మప్పా?" అని ఒకావిడ నొచ్చుకుంది.

"వట్టి సేతులే కావాల మాకు" అని వదిన ఆమె చేతిలో మూత తీసుకుని పక్కన పెట్టింది. ఆవిడ అలిగి వెళ్ళిపోయింది. ఎంత మంది అలిగినా వదిన గుమ్మం వదల్లేదు.

పదమూడో రోజు

గడ్డ ఉంది! ఉంది! ఉంది!

పద్నాలుగో రోజు

గడ్డ అలాగే ఉంది. వాసన సగానికి తగ్గింది. రత్నానికి చెవి పోటు లేదట. జావ అడిగింది. పుల్లతో తీసి చూస్తే నా వాళ్ళు ఇరవై రకాల దాకా కాపురం పెట్టేశారు. మెలిగాళ్ళు సగానికి సగం తగ్గారు. పంచాయతీ వాళ్ళు నన్ను పిలిపించి, ఇన్నేళ్ళ మోసానికి తేట పోసే పని నా చేతుల్లోంచి తీసేశారు. పళ్ళ గది మాత్రం ఉంచారు. తిట్లు తినాల్సినన్ని తిన్నాను, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. నా మనసంతా ఆ గుంత మీదే ఉంది.

పదహారో రోజు

కోత కత్తులు పళ్ళెంలో సిద్ధంగా ఉన్నాయి. డాక్టరు గారు కళ్ళద్దాలు సర్దుకుని దీపం దగ్గరకు లాగారు. రత్నం నోరు తెరిచింది. వదిన గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఊపిరి తీయడం మానేశాను.

చాలాసేపు చూశారామె. సన్నటి పుల్లతో ఒక చోట తాకి చూశారు. చిన్న రక్తపు చుక్క వచ్చింది.

"నాయుడుగారూ, ఇటు రండి."

చూశాను. గుంత అంచుల చుట్టూ ఎర్రగా, దానిమ్మ గింజల్లా మెరుస్తూ కొత్త కండ. ఎముక మీద కూడా పొర కమ్ముకుంటోంది. తెల్లటిది ఎక్కడా కనబడటం లేదు!

"కొయ్యక్కర్లేదు" అన్నారు డాక్టరు గారు.

నేను కేకపెట్టాను. ఆస్పత్రిలో కేకలు పెట్టకూడదని ఆమే అని, ఆమే నాకంటే గట్టిగా అరిచారు. రత్నం రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వదిన ఇటు తిరిగి ఏమైందని ఎవరినీ అడగలేదు, నేరుగా వెళ్ళి కత్తుల పళ్ళెం మీద గుడ్డ కప్పేసింది.

నలభై తొమ్మిదో రోజు

చిగురు పూర్తిగా మూసుకుంది. ఎముక నిండటానికి ఇంకా నెలలు పడుతుంది గాని, గొట్టం కరవచ్చని డాక్టరు గారు రాసిచ్చారు. ఇవాళ రత్నం దిగింది.

ఊరి అడుగున సముద్రంలోకి దిగే కంత దగ్గర అందరూ గుమిగూడారు. కొత్త రబ్బరు వేసిన గాలిగొట్టాన్ని రత్నం నోట్లో పెట్టుకుని, కావాలనే ఎడమవైపు గట్టిగా కరిచి నాకు చూపించింది. నొప్పి ఉందా అని సైగ చేశాను. కళ్ళతో నవ్వి, నల్లటి నీళ్ళలోకి జారిపోయింది.

నలభై నిమిషాలు. స్పీకర్లో దాని ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, లోపలికీ బయటికీ, ఒకే తీరున. వదిన నా పక్కన వేడి నాచు జావ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆ పదకొండో రోజు నుంచి ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం ఊపిరి చప్పుడు కాస్త ఆలస్యమైనప్పుడల్లా నా చొక్కా పట్టుకునేది.

రత్నం పైకి తేలింది! గొట్టం తీసి, "ఆకలి! సచ్చిపోతన్నాను ఆకలికి!" అని అరిచింది. జనం గోల. నేను గంతులేశాను, డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. రత్నం అంచు మీద కూర్చుని వాళ్ళమ్మ చేతిలో గ్లాసు లాక్కుని సగం జావ గటగటా తాగేసింది. తాగి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, గ్లాసు తిరిగి అమ్మ చేతిలో పెట్టింది.

వదిన ఆ గ్లాసు వంక చూసింది. అంచు మీద కూతురి పెదాల తడి ఉంది. గోల చేస్తున్న జనం ఒక్కొక్కరే ఇటు తిరిగారు. ఆమె అంచు తుడవలేదు. గ్లాసు ఎత్తి, అందరూ చూస్తుండగా, మిగిలిన సగం జావ చివరి చుక్క దాకా తాగింది.

తాగి, పెదాలు తుడుచుకుని, "ఉప్పు తక్కువైనాది. సెప్పొద్దేటే?" అంది.